సాయంత్రానికి ఒక కేసు

పొద్దు వాలుతోంది. మహిళా కానిస్టేబుల్‌కి ఇంకా ఒక్క కేసూ దొరకలేదు.

"ఏమ్మా, కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా?" జీపులోంచి ఇన్‌స్పెక్టర్ అరిచాడు. "చీకటి పడేలోగా ఒకత్తిని వ్యాన్ ఎక్కించకపోతే రేపట్నుంచి డ్యూటీకి రానక్కర్లేదు."

ఆమె ఇంటిల్లిపాదికీ ఆ జీతమే ఆధారం.

చట్టం చూడబోతే ఒక్క ముక్కే. మర్యాద తప్పిన దుస్తులు, మర్యాద తప్పిన నడవడి నేరం. మర్యాద అంటే ఎన్ని అంగుళాలో అందులో ఎక్కడా లేదు. రాత్రంతా లాకప్పు, తెల్లారాక వీపు మీద బెత్తం దెబ్బలు అని మాత్రం శుభ్రంగా రాసి ఉంది.

భుజాలు కనబడే గౌనులో ఒకావిడ పొడవాటి కారు దిగింది. ఇన్‌స్పెక్టర్ సెల్యూట్ కొట్టాడు. పెద్ద కార్లు ఆగినప్పుడల్లా చట్టానికి చూపు మందగిస్తుంది.

కానిస్టేబుల్ బస్టాపు వైపే చూస్తోంది. ఒక బస్సు వచ్చి వెళ్ళిపోయింది. ఆమె వాచీ చూసుకుంది.

"అదిగో, ఆ పుస్తకాల సంచి పిల్ల! మోకాళ్ళు కనిపిస్తున్నాయి. లాక్కురా!"

ఆమె కాళ్ళీడ్చుకుంటూ కదిలింది. ఖాకీని చూసి ఆ పిల్ల సంచిని గుండెలకు హత్తుకుంది. 

అంతలో ఇంకో బస్సు ఆగింది. మణికట్ల దాకా చొక్కా చేతులు, మడమల దాకా బట్ట, సగం మొహం కప్పిన శాలువాతో ఒక అమ్మాయి దిగింది. కానిస్టేబుల్ ఒక్క ఉదుటున వెళ్ళి ఆమె రెక్క పట్టుకుంది.

"నేనేం చేశాను మేడమ్?"

"నవ్వావు!"

"ఎప్పుడు?"

"దిగుతూ! నడిరోడ్డు మీద పళ్ళికిలిస్తావా?"

ఆ అమ్మాయి కాళ్ళ మీద పడి గొల్లుమంది. పుస్తకాల సంచి పిల్ల గబుక్కున బస్సెక్కేసింది. జనం తలలు దించుకున్నారు. ఒక ముసలాయన మాత్రం ఉండబట్టలేకపోయాడు.

"నీకు అక్కచెల్లెళ్ళు లేరటే?"

కానిస్టేబుల్ అమ్మాయిని బరబరా ఈడ్చుకెళ్ళి వ్యాన్ ఎక్కించి, తనూ ఎక్కింది. ఇన్‌స్పెక్టర్ తల కూడా తిప్పలేదు. ఆయనకు మొహాలతో పనిలేదు, లెక్క తేలితే చాలు.

"ఇప్పుడు దారిలో పడ్డావ్," అన్నాడు.

తలుపు మూసుకుంది. అమ్మాయి కళ్ళు తుడుచుకుని, శాలువా సర్దుకుని, కానిస్టేబుల్ చెవి దగ్గరకు వంగింది.

"అమ్మ వీపు ఇంకా మానలేదు వదినా, రేపు కూడా నేనే వస్తాలే."