తొడుగులకు తెలియని బాణీ

ఆ రోజుల్లో కాకినాడలో గిటారు నేర్చుకోవడమంటే చేతులకు తొడుగులు వేసుకోవడమే. వేళ్ళను అవే నడిపించేవి, అడిగినదానికి జవాబూ చెప్పేవి. మందుల షాపులో పనిచేసే హేమనళిని రెండేళ్ళుగా అలాగే వాయిస్తోంది.

ఒక ఆదివారం ఆమె, "ఆడవాళ్ళు కట్టిన బాణీలు నేర్పండి," అని అడిగింది. తొడుగులు ఇరవై పేర్లు చెప్పాయి. చివరిది నూటయాభై ఏళ్ళ కిందటి ఇనేస్ అనే విదేశీ ఆవిడ పేరు.

"ఆవిడ రాసిన కాగితాలున్నాయి. ఎవరూ వాయించలేదు కాబట్టి మాకు రాదు," అన్నాయి.

ఆ మాట హేమనళిని మనసులో గుచ్చుకుంది. ఆ కాగితాలు తెప్పించుకుని, తొడుగులు తీసేసి వట్టి చేతులతో కూర్చుంది. వారం రోజులు తీగలు గరగరమన్నాయే తప్ప పలకలేదు. భర్త సుదర్శనం పక్కన వంకాయలు తరుగుతూ, కాగితంలోని స్వరాలు ఒక్కొక్కటే చదివి పెట్టేవాడు.

"నావల్ల అవదేమోనండి," అందామె.

"నిన్న నాలుగు స్వరాలొచ్చాయి, ఇవాళ ఆరొచ్చాయి కదా. రేపూ కూర్చుందాం."

రెండు నెలలకు బాణీ పూర్తిగా చేతికొచ్చింది. అప్పుడామె తొడుగులు వేసుకుని వాయించింది. మొదటిసారి అవి ఆమె వేళ్ళ వెంట నడిచి నేర్చుకున్నాయి. ఊరూరా ఉన్న తొడుగులన్నిటికీ ఇనేస్ బాణీ, వాయించిన హేమనళిని పేరుతో చేరింది.

వారం తిరక్కుండా కరీంనగర్ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, మూడో వరుసల జర ఆగుతున్నరు. ఇనేస్ అట్లనే రాసిందా?"

"లేదమ్మా, అక్కడ నా చిటికెనవేలు అందలేదు. నువ్వు ఆగకు."

"ఆగితేనే మంచిగున్నదక్కా. మా క్లాసుల అందరం ఆగుతున్నం."

హేమనళిని పకపకా నవ్వింది. ఫోన్ పెట్టేసి ఇనేస్ రాసిన రెండో బాణీ కాగితం తీసి, మొగుణ్ణి పిలిచింది.