ఊదితే సున్నా

"ఊదు."

హెడ్ కానిస్టేబుల్ ఊదాడు. మిషను కుయ్యోమంది.

"తర్వాత."

రైటర్ ఊదాడు. మళ్లీ కుయ్యోమంది. డ్రైవరు నోరు తెరవకముందే కూసిందని తర్వాత చెప్పుకున్నారు గానీ, అది కాస్త ఎక్కువే.

ఆదివారం పొద్దున పదిన్నర. పన్నెండింటికి మైదానంలో బీరు మేళా. బహిరంగంగా మందు అమ్మే చోట బందోబస్తుకు పైఆఫీసు కొత్తగా పద్దెనిమిది షరతులు పెట్టింది. గాజు సీసాలు కూడదు, కాగితం కప్పులే. మూసే ముందు అరగంట అమ్మకం ఆపాలి. అవన్నీ మేళావాళ్ల నెత్తిన రుద్దేవే కాబట్టి ఇన్‌స్పెక్టరుకు చీమ కుట్టినట్టయినా లేదు. పదిహేడోదే కొంప ముంచింది. పెద్ద గేటు దగ్గర నిలబడే పోలీసు, పైఆఫీసు మేడమ్ ఎదుట ఊది సున్నా చూపించాలి. లేదంటే మేళా రద్దు, ఇన్‌స్పెక్టరు మీద రిపోర్టు.

నిన్న సాయంత్రం స్టేషన్లో ఒకాయన రిటైర్మెంటు విందు. జనం తాగి తూలకుండా కాపాడాల్సిన మహానుభావులు పీకల్దాకా పట్టించి, ఇప్పుడు యాలకులు నములుతూ వరసలో నిలబడ్డారు. యాలకులకు మిషను లొంగుతుందా! ఇన్‌స్పెక్టరు మాత్రం ఊదలేదు. తన సంగతి తనకు తెలుసు.

చివరికి ఆయన చూపు ఓ మూల ఉన్న బక్కపల్చటి మనిషి మీద పడింది. పదకొండు రోజులుగా స్టేషన్ గడప దాటనివాడు. నిన్నటి విందులోనూ అతని వంతుకు వచ్చింది మంచినీళ్లే.

"ఒరేయ్, నువ్వూదు."

ఊదాడు. మిషను కిక్కురుమనలేదు. సున్నా.

అక్కడికక్కడే అతనికి 'మంచినీళ్లు' అని పేరు పడిపోయింది.

"గేటు నీది. ఒక్క గొడవ జరిగినా నీ తోలు తీస్తా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మరి నా సంగతేంటి సార్? మా ఆవిడకి నెలలు నిండాయి. ఎల్లుండి ఆస్పత్రిలో చేరమన్నారు. ఇంట్లో ఇంకో మనిషి దిక్కులేదు."

"సజావుగా జరిగితే రేపే ఇంటికి పంపిస్తా. నా మాటంటే మాటే."

స్టేషన్లో ఉతికి ఇస్త్రీ చేసి ఉన్న యూనిఫాం ఒక్కటే, అదీ హెడ్డుది. ఆ చొక్కాలో మంచినీళ్లుకు తోడు ఇంకొకడు పడతాడు. "వీడి మొహానికి సెల్యూట్ కూడా కొట్టాలేమో," అని గొణిగాడు హెడ్డు.

గేటు దగ్గర మేడమ్ ఊదించింది. సున్నా చూసి, ఫైల్లో టిక్కు పెట్టింది.

మిగతా సిబ్బంది నీళ్ల ట్యాంకరు నీడన తలలు పట్టుకుని చతికిలబడ్డారు. మంచినీళ్లు ఒక్కడే ఎండలో నిలబడ్డాడు. అందరూ జనం మొహాలు చూస్తారు, అతను చేతులు చూశాడు. రెండు కాకముందే ఇద్దర్ని పక్కకు లాగాడు.

"నీ చెయ్యి నీ జేబులో పెట్టుకో నాయనా. పక్కోడి జేబులో ఏం పని?"

గొడుగులో గాజు సీసా దాచి తెచ్చినవాణ్ణి గొడుగు తెరవకుండానే పట్టేశాడు. కప్పులో నురగే ఎక్కువుందని బావా బావమరుదులు కాలర్లు పట్టుకుంటే మధ్యలో దూరాడు.

"ఇక్కడే తేల్చుకుంటారా, అక్కయ్యని పిలిపించమంటారా?"

ఇద్దరూ చల్లబడ్డారు. మూడు వేల మంది వచ్చారు, తాగారు, వెళ్లారు. ఒక్క పర్సు పోలేదు. ఒక్క తల పగల్లేదు.

మేడమ్ ముచ్చటపడింది. "ఎన్నేళ్ల అనుభవం మీది?"

"పన్నెండేళ్లుగా ఇలాంటి గుంపుల్లోనే పనండీ."

"మీలాంటివాళ్లు స్టేషన్‌కి ఒక్కరుంటే చాలు," అంది. ఆ పొగడ్త తనకే అన్నట్టు ఇన్‌స్పెక్టరు పళ్లికిలించాడు.

ఆరింటికి అందరూ స్టేషన్ చేరారు. మంచినీళ్లు మొహం వెలిగిపోతోంది. ఎల్లుండి భార్య పక్కన ఉంటాడు. అంతకంటే ఏం కావాలి!

"సార్, మరి రేపు..."

ఇన్‌స్పెక్టరు బల్ల మీదున్న కాగితం తీసి ఊపాడు. "రేపేంట్రా? పై ఆదివారం ఇంకో మేళా ఉంది, చూశావా?"

"మాటిచ్చారు కద సార్! ఆవిడ ఒక్కత్తీ ఎలా..."

"మరి అక్కడెవడు ఊదుతాడు, మీ తాతా?" అని కసిరి, యూనిఫాం విప్పించుకుని, ఆ జేబుదొంగను మళ్లీ లాకప్‌లోకి నెట్టి తాళం వేశాడు ఇన్‌స్పెక్టరు.