బొమ్మలో మాటలు

“మీ మెయిల్లో మాటలు లేవండీ.”

గ్రంథాలయం వెనక గదిలో బల్ల ముందు నిలబడి ఒక అమ్మాయి అన్న మాటకి చెణుకులాయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

వారం వారం పాఠకులకు వెళ్ళే మెయిలు ఆయన చేతిపనే. చెణుకు లేనిదే వాక్యం ముగించడు కాబట్టి అసలు పేరు అందరూ మర్చిపోయారు.

“మాటలు లేకపోవడమేమిటమ్మా? నేను బతికేదే మాటల మీద. మా ఆవిడ ముందు మాత్రం మింగేస్తాను.”

“ఉన్నవన్నీ బొమ్మలో ఉన్నాయండీ. మెయిలంతా అందంగా బొమ్మ చేసి అతికిస్తున్నారు. కళ్ళు కనపడనివాళ్ళకి మెయిలు చదివి వినిపించేది ఫోనే. టైపు చేసిన అక్షరాలైతే చదువుతుంది. బొమ్మయితే ‘బొమ్మ’ అని చెప్పి ఊరుకుంటుంది.”

“మీ కళ్ళు బాగానే ఉన్నాయే. ఇందాక గోడ గడియారం చూసుకున్నారు.”

“నాకోసం కాదు. కంటి ఆసుపత్రిలో చూపు పోతున్నవాళ్ళకి ఫోను వాడకం నేర్పుతాను. వాళ్ళలో మీ మెయిలు కోసం ఎదురుచూసేవాళ్ళున్నారు.”

“ఎవరో చెప్పండి.”

“చెప్పనని మాటిచ్చాను.”

“ఆ మాట బొమ్మలో ఇచ్చారా, టైపు చేసి ఇచ్చారా?”

పక్క బల్ల గుమాస్తా కిసుక్కున నవ్వాడు. ఒక్క నవ్వు దొరికితే చెణుకులాయన ఇక ఆగడు.

ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు.

“బొమ్మ కింద ‘ఇక్కడ నొక్కండి’ అని నాలుగైదు చోట్ల రాస్తారు. వినేవాళ్ళకి ఏది నొక్కితే ఏం వస్తుందో తెలీదు. ‘ఎర్రగా ఉన్నవి మారాయి, గమనించండి’ అంటారు. ఎరుపు వినపడదు కదండీ.”

“మొత్తానికి నేను బొమ్మ వేస్తే మీరు బొరుసు అడుగుతున్నారు. రంగులు తీసేస్తే నా మెయిలు కరెంటు బిల్లులా ఉంటుందమ్మా. మెయిలు చూస్తే మనిషికి మేలు కలగాలి.”

“రంగులు ఉంచుకోండి. బొమ్మ కింద అవే మాటలు టైపు చేసి పెట్టండి, చాలు. ఇన్నాళ్ళూ ఎలాగో నేను చూసుకున్నాను. కొత్త ఉద్యోగంలో అంత తీరిక దొరకదు, సోమవారం నుంచి ఈ ఊళ్ళో కూడా ఉండను. అందుకే అడగడానికొచ్చాను.”

“ఉండరా? ఆ ముక్క ముందే చెప్పొద్దూ. జాబితాలోంచి మీ పేరు తీసేస్తే మీకు నా బొమ్మల బాధే ఉండదు.”

అన్నంత పనీ చేశాడు, ఆమె ఎదురుగానే.

ఆ అమ్మాయి కాసేపు కంప్యూటర్ తెరవంక చూసింది. “సరేనండీ,” అని సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

“ఎర్రగా చూసి వెళ్ళిందండీ,” అన్నాడు గుమాస్తా.

“ఎరుపు వినపడదుగా, వదిలెయ్.”

ఆ సాయంత్రం అక్క ఫోను చేసింది. అమ్మ పోయాక కుట్టుమిషను తొక్కి తమ్ముణ్ణి చదివించిన అక్క. ఊరికి ఆ చివర ఒక్కతే ఉంటోంది.

“పుస్తకాల పురుక్కి అజీర్తి చేసిందన్న జోకు భలే ఉందిరా.”

“రంగులెలా కుదిరాయి?”

“నాకు రంగులతో పనేంటిరా, నీ మాట చాలు.”

“గ్రంథాలయం వార్షికోత్సవానికి వస్తావుగా అక్కా? రిటైరయ్యేలోగా నేను మాట్లాడే చివరి సభ ఇదే.”

“రాకపోతే నీ జోకులకి ముందు నవ్వేదెవరు? మళ్ళీ ఫోను చెయ్యక్కర్లేదు, నీ మెయిలొస్తే చాలు.”

అది నిజం. ఏటా మొదటి వరసలో అక్క నవ్వేది, ఆ నవ్వు వెనకాలే హాలంతా నవ్వేది. నిరుడు కర్ర పట్టుకుని వచ్చింది. మోకాళ్ళురా అంది.

సభకి కొద్దిరోజుల ముందు హాలు పైకప్పు కారడం మొదలైంది. సభని వేరే హాలుకి మార్చారు. చెణుకులాయన బొమ్మ గీశాడు. పాత హాలు పేరు కొట్టేసి, కొత్తది ఎర్రగా, ఇంత లావున రాశాడు. కింద ‘హాలు మారింది, హాయి మారదు’ అని చేర్చి పంపేశాడు.

సభ రోజున మొదటి వరసలో అక్క కుర్చీ ఖాళీ.

మొదటి జోకు వేసి ఆగాడు. ఎవరో ముందు నవ్వుతారని హాలంతా ఎదురుచూసింది. ఎవరూ నవ్వలేదు. మిగతా ప్రసంగం ఎలాగో ఒప్పజెప్పి దిగిపోయాడు.

దండ ఇంకా మెడలోనే ఉండగా ఫోను తీశాడు.

“ఏమక్కా, చివరిసారి కూడా రాలేదు?”

“వచ్చాన్రా. పాత హాలు గేటుకి తాళం ఉంది. నీ గొంతు వినపడుతుందేమోనని అక్కడే నిలబడ్డాను. వేదిక మీద ఉంటావని ఫోను చెయ్యలేదు.”

“హాలు మారిందని మెయిల్లో పెట్టానుగా. ఎర్రగా, ఇంతింత అక్షరాల్లో.”



“ఒరే, నీకు చెప్పకూడదనుకున్నాను. ఏడాది దాటింది, వెలుగూ నీడా తప్ప నాకేమీ తెలియట్లేదు. తెలిస్తే నవ్వించడం మానేసి నా ముందు ఏడుస్తూ కూర్చుంటావని దాచాను.”

చెణుకులాయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

“మరి నా మెయిళ్ళు? ఒక్క జోకూ పొల్లుపోకుండా చెప్పేదానివి కదక్కా.”

“కంటి ఆసుపత్రిలో ఒక అమ్మాయి ఉండేదిరా. నీ బొమ్మ రాగానే కూర్చుని అందులో మాటలన్నీ టైపు చేసి నాకు పంపేది. ఫోను చదివేది. జోకు దగ్గర ‘ఇక్కడ నేనూ నవ్వానమ్మా’ అని పక్కన రాసేది.”

ఆయన మెడలో దండ తీసి పక్కన పెట్టాడు.

“ఊరొదిలి వెళ్ళిపోతూ, ‘మీ పేరు ఎత్తకుండా మీ తమ్ముణ్ణి ఒక్కసారి అడిగొస్తాను’ అని నీ దగ్గరికే బయల్దేరింది. వచ్చిందా నాన్నా?”