వెనక సీటు నిపుణుడు

"మామయ్యా, కాస్త కదలకుండా కూర్చోండి," అన్నాడు అల్లుడు, స్టీరింగు మీంచి చెయ్యి తియ్యకుండానే.

వెనక సీట్లో సరిగ్గా నడిమధ్యన కూర్చున్న మామగారు మఫ్లరు గడ్డం కిందికి లాక్కుని బిగుసుకుపోయారు. కారు కరెంటుది. చలికాలంలో అలాంటి కార్లు ఒక యూనిట్ కరెంటుకి ఎంత దూరం పోతాయో కొలవడం అల్లుడి ఉద్యోగం. అతని పక్క సీట్లో ఇంజినీరమ్మాయి ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని అంకెలు చూస్తోంది. ఇవాళ హీటరు ఆపి చేసే పరీక్ష కాబట్టి, ముగ్గురి నోళ్ళలోంచీ పొగలు వస్తున్నాయి.

మామగారికి మైలేజీ లెక్కలు కొత్త కాదు. బస్సు డిపోలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏ డ్రైవరు లీటరు డీజిలుకి ఎంత దూరం లాగాడో నిలదీసి అడగడమే ఆయన పని. డ్రైవర్లకి ఆయన ఎదురుగా సారు, చాటుగా 'మైలేజీ'. రిటైరయ్యాక ఆయన్ని టైమెంతని అడిగినవాళ్ళు కూడా లేరు. 'నేను పాత క్యాలెండర్ని. మేకు ఖాళీగా ఉందని వేలాడుతున్నాను' అని తనమీద తానే నవ్వుకునేవారు.

అలాంటిది, పోయిన ఆదివారం అల్లుడు ఇంటికొచ్చి, "మామయ్యా, ఓ వారం మా టెస్టులకి రాగలరా? అచ్చం మీలాంటి మనిషి కావాలి," అన్నాడు. ఆయన లేచి వెళ్ళి అప్పుడే బూట్లు తుడవడం మొదలుపెట్టారు.

"కరెంటు కార్ల గురించి మీకేం తెలుసండీ?" అంది భార్య.

"బండి బండే. తాగేది డీజిలైతేనేం, కరెంటైతేనేం?"

"అల్లుడి దగ్గర పరువు తియ్యకండి, అంతే చాలు."

మొదటిరోజు ఆఫీసులో ఆయన్ని కాటా ఎక్కించి బరువు చూశారు. పెద్ద కంపెనీలు మనిషి ఆరోగ్యాన్ని ఎంత పట్టించుకుంటాయోనని ముచ్చటపడి, బీపీ కూడా చూస్తారని చొక్కా చెయ్యి పైకి మడిచి నిలబడ్డారు. "చాలండి," అంది ఇంజినీరమ్మాయి.

ఇప్పుడు కారు చడీచప్పుడూ లేకుండా పోతోంది. ఊరికే కూర్చోవడం మర్యాద కాదనిపించింది ఆయనకి.

"టైర్లలో గాలి చూశారా? చలికి తగ్గుతుంది."

"పొద్దున్నే చూశాం మామయ్యా."

"ఈ దిగుడులో న్యూట్రల్ చేసి వదిలెయ్యి. బండి దానంతటదే పోతుంది."

"దిగుడులో ఈ మోటారే కరెంటు పుట్టించి బ్యాటరీకి పంపుతుంది మామయ్యా. వదిలేస్తే అది కాస్తా పోతుంది."

మామగారు కాసేపు కిటికీలోంచి చెట్లు చూశారు. "నేను చెప్పబోయేదీ అదే," అన్నారు.

ఇంజినీరమ్మాయి టకటకా ఏదో కొట్టింది. తన మాటే ఎక్కించిందని ఆయన నడుం నిటారుగా పెట్టుకుని కూర్చున్నారు.

దారిలో టీకొట్టు కనపడింది.

"ఒక్క నిమిషం ఆపుదామా?"

"తిరిగొచ్చాక తాగుదురు గాని మామయ్యా. మధ్యలో ఏదీ మారకూడదు."

"తాగడానికి కాదు నాయనా..."

"అది కూడా తిరిగొచ్చాకే."

అమ్మాయి కిటికీవైపు మొహం తిప్పుకుంది. దారిలో ఎందుకు ఆపావని డ్రైవర్లని ఎన్నిసార్లు కసిరారో, అవన్నీ ఇప్పుడు ఒక్కసారిగా పొత్తికడుపులోకి వచ్చి చేరాయి ఆయనకి.

మర్నాడు తొందరలో ఆయన పెద్ద కోటు ఇంట్లోనే మర్చిపోయి, పలచటి స్వెట్టరుతో వెళ్ళారు. అల్లుడు చూసి కంగారుపడ్డాడు.

"కోటేది మామయ్యా?"

"ఫర్వాలేదులే. ఈ చలి నన్నేం చేస్తుంది?"

మామ మీద ఇంత అభిమానం ఉన్న అల్లుడు ఎందరికి దొరుకుతాడు? పైగా ఆవేళ అతను పనిముట్ల పెట్టె తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాడు. "ఇది మీ దగ్గరే ఉండాలి. తిరిగొచ్చేదాకా వదలకండి," అన్నాడు.

ఇంటికి రాగానే మఫ్లరు కూడా విప్పకుండా భార్యకి చెప్పారు. "ఇవాళ పనిముట్ల పెట్టె నాకు అప్పగించారు."

"మొయ్యడానికా?"

"చూసుకోవడానికి. నమ్మకమున్న మనిషికి గాని ఇవ్వరు."

ఆమె వేడినీళ్ళ సంచీ తెచ్చి ఆయన మోకాళ్ళమీద పెట్టింది. "చలికి కాళ్ళు కర్రల్లా అయిపోయాయి. చాల్లెండి, రేపు మానెయ్యండి."

"మానేస్తే ఎలా? నేను లేకపోతే కొలత తప్పొస్తుందట. అల్లుడే అన్నాడు."

ఆ రాత్రి ఆయన అడిగి మరీ అన్నం మారు వడ్డించుకున్నారు. ఆయన అలా తిని చాలాకాలమైంది.

వారం గడిచింది. చివరిరోజు కారు ఆఫీసు ఆవరణలో ఆగింది. అంకెలు అనుకున్నట్టే వచ్చాయని అమ్మాయి చెప్పింది. అల్లుడు వెనక తలుపు తీసి, బిగుసుకుపోయిన మామగారిని రెండు చేతులా పట్టుకుని దింపాడు.

"మీరు లేకపోతే ఈ వారం పనంతా ఆగిపోయేది మామయ్యా."

మామగారు మఫ్లరు సర్దుకుని, దారిపొడుగునా మనసులో వల్లెవేసుకున్న మాట బయటపెట్టారు.

"రేపట్నుంచి హీటరు వేసి చేసే పరీక్షలటగా, ఇంకో గంట ముందే వస్తాను. ఎండాకాలం పరీక్షలకీ నన్నే పిలువు. ఇంటి మనిషినని మొహమాటపడకు."

అల్లుడు గేటువైపు చూశాడు. లోపలికొచ్చిన వ్యాన్లోంచి ఇద్దరు ఏవో దింపుతున్నారు. అతని మొహం విప్పారింది.

"రేపట్నుంచి మీకా శ్రమ లేదు మామయ్యా, మీ బరువుకి సరిపడా ఇసుక బస్తాలు వచ్చేశాయి."