దూదింటి అరుగు

దూదేకుల హుసేన్ వలి రంగూన్ నుంచి ఊళ్లో దిగేసరికి పుష్యమాసపు చలి ముదిరి ఉంది. ఎర్రగుంట్ల స్టేషన్ నుంచి రెండు క్రోసులు నడిచి వచ్చాడు. చేతిలో రేకుపెట్టె, ఒంటి మీద పలుచటి చొక్కా. ఒక కాలికి చెప్పుంది, రెండో కాలికి లేదు.

"చెప్పు యాడ పారేసుకున్నావప్పా?" అన్నాడు పక్కింటి బసవరాజు.

వలి కాళ్ల వైపు చూసుకున్నాడు.

"చూసుకోలేదు."

"పెండ్లాన్ని చూసే తొందరలో చెప్పేం కనపడుతుందిలే!"

అందరూ నవ్వారు. గడపలో నిలబడిన మదార్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను రంగూన్ పోయి ఎనిమిదేండ్లు అయింది మరి.

రంగూన్‌లో చలి ఉండదని, అక్కడి నుంచి వచ్చినవాళ్లు మన చలికి తట్టుకోలేరని ఎవరో ఆమెకు చెప్పారు. వస్తున్నానని జాబు అందిన రోజే పని మొదలుపెట్టింది. అందరికీ ఏకి ఇచ్చే దూది కాదు, మేలైన దూది ఏరి, తానే విల్లు పట్టి ఏకింది. ఎర్ర అంచు వేసి బొంత కుట్టింది. ఇద్దరికి సరిపోయే బొంత.

ఆ రాత్రి వలి చాప తీసుకుని అరుగు మీద పరుచుకున్నాడు.

"లోపల నాకు ఊపిరాడదు" అన్నాడు.

ఆమె బొంత తెచ్చింది.

"వద్దు. నాకు చలి లేదు."

మరునాడు తెల్లారేసరికి ఊరంతా కంబళ్లలో ముడుచుకుని ఉంది. వలి మాత్రం అరుగు మీద చేతులు లేని బనీనుతో కూర్చుని ఉన్నాడు.

"ఏమప్పా వలీ, మాకు పండ్లు టకటక కొట్టుకుంటాండాయి. నువ్వు బండరాయి మాదిరి కూచోనుండావే! ఆడ ఏం తిన్నావప్పా?" అన్నాడు బసవరాజు.

"ఆడి నీళ్లు అట్టాంటివి" అని నవ్వాడు వలి.

నీళ్లు ఒక్కటే కాదు, అలవాట్లూ కొత్తవే. తినేది తాను తెచ్చుకున్న పింగాణీ పళ్లెంలోనే. దాన్ని కడుక్కునేదీ తానే. గుడ్డలు కూడా మదార్ బీని ఉతకనివ్వడు. తాను కడుపులో ఉండగా రంగూన్ వెళ్లిన తండ్రిని ఇప్పుడే చూస్తున్న కూతురు దస్తగిరమ్మ ఒళ్లోకి ఎక్కబోతే, చప్పున లేచి నిలబడ్డాడు. రంగురంగుల గాజులు అరుగు అంచున పెట్టి, దూరం జరిగి, "తీసుకోమ్మా" అన్నాడు.

"దొర అయి వచ్చినాడు" అంది ఊరు.

ఎదురింటి ఈరక్క అంతటితో ఊరుకోలేదు.

"కాల్లో తుమ్మముల్లు దిగినా తెలియని ఆ కంబన్నకు మూడేండ్లు కూడు మోసి, ముల్లు తీసిన దానివి. నీ మొగునికి నీ చెయ్యి పనికిరాకపాయనా? ఆడ బర్మా దాన్ని ఎవతినో మరిగినాడు మదారమ్మా. లేకపోతే ఆ గుడిసె ఎవరికంటావు?"

గుడిసె మాట నిజమే. రోగమొచ్చిందని ఊరు వంక అవతల ఉంచిన కంబన్న గుడిసె, ఆయన చనిపోయినప్పటి నుంచి పాడుపడి ఉంది. వలి రోజూ సాయంత్రం పోయి దాని కప్పు సరిచేస్తున్నాడు. ఎందుకని అడిగితే, "ఊరికే" అంటున్నాడు.

మదార్ బీ వారం రోజులు ఓర్చుకుంది. బొంత మీద ఒక్కతే పడుకుంది. ఎనిమిదో రోజు తెల్లవారుజామున గాలి కోత పెట్టింది. ఇంక ఆగలేకపోయింది.

దూది ఉన్న ఇంట్లోకి నిప్పు రానివ్వరు. అందుకే కుంపటి వాకిట్లోనే రాజేసి, చింత నిప్పులు కణకణలాడుతుండగా తెచ్చి అరుగు మీద అతని ముందు పెట్టింది. చంకలో బొంత ఉంది.

"ఈ పొద్దు తేల్చి చెప్పు. లోపలికి వస్తావా, రావా?"

వలి తల దించుకున్నాడు.

"ఆమె ఎవరో చెప్పు. వస్తే రానీ. ఆ గుడిసెలో ఎందుకు, ఈ ఇంట్లోనే ఉండనీ. నేను శానా ఓర్చుకున్నా, అదీ ఓర్చుకుంటా."

"ఎవరూ లేరు మదారూ."

"మరి నేనేం చేసినానయ్యా?"

అతని కళ్లలో నీళ్లు తిరగడం ఆమె చూసింది. చూసి, బొంత విప్పి, అతని భుజాల మీద కప్పబోయింది.

"తాకొద్దు నన్ను!"

వలి ఎగిరిపడి లేచాడు. కాలు తగిలి కుంపటి బోర్లా పడింది. నిప్పులు అరుగంతా చెల్లాచెదురయ్యాయి. గడప పక్కనే దూది మూటలున్నాయి.

"అగ్గి! అగ్గి!" అని అరిచింది మదార్ బీ. బసవరాజు కుండతో నీళ్లు తెచ్చి మూటల మీద గుమ్మరించాడు. ఈరక్క చీపురుతో నిప్పులు వీధిలోకి ఊడ్చింది. వలి మూటలు ఒక్కొక్కటే ఎత్తి దూరంగా విసిరాడు. దూది ఒక్క పోగు కూడా అంటుకోలేదు.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడు మదార్ బీ ముక్కు ఎగబీల్చింది.

ఏదో కాలుతోంది. దూది కాదు. దూదిలో పుట్టి దూదిలో పెరిగిన మనిషి, ఆ వాసన ఆమెకు తెలుసు. ఇది మాంసం కాలుతున్న వాసన.

"నరం! విల్లు నరం కాలుతాండాది!"

ఏకే వింటికి బిగించేది మేక పేగుతో చేసిన నరం. అది పోతే ఈ చలికాలపు పనంతా పోయినట్టే. ఆమె లోపలికి ఉరికింది. విల్లు గోడకు తగిలించినట్టే ఉంది. నరం వేలితో మీటి చూసింది. ఖంగుమంది.

వాసన మాత్రం ఇంకా వస్తూనే ఉంది. మదార్ బీ గడప దాటి మళ్లీ అరుగు మీదికి వచ్చింది.

"యాడ కాలుతాండాది మదారూ?" అని మూటల వైపు కంగారుగా చూస్తూ అడుగుతున్న హుసేన్ వలి బోసికాలి కింద నుంచి సన్నగా పొగ లేస్తూ ఉంది.