వస్తానన్నవాడు

2024 సెప్టెంబరు ఒకటి, ఆదివారం. ఆ పొద్దున జానకిరామయ్య ఇంట్లో పెసరట్లు.

భార్య రమాసుందరి ఇన్సులిన్ సూది వేసుకుని, సీసా మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి, రెండు తిన్నది. మూడోది పెనం మీద ఉండగానే సింగ్‌నగర్ వీధిలోకి బుడమేరు నీళ్లొచ్చాయి.

మధ్యాహ్నానికి ఫ్రిజ్ మునిగింది. ఇద్దరూ డాబా ఎక్కారు.

సోమవారం ఒక పడవ వచ్చింది. ఆకుపచ్చ పడవ, ముందు తెల్లరంగుతో చేప బొమ్మ. అప్పటికే నిండా మనుషులు. మధ్యలో ఒక నిండు చూలాలు.

"ఖాళీ లేదు బాబాయ్‌గారూ. ఇంకొకరెక్కితే అందరం మునిగిపోతాం," అన్నాడు పడవవాడు.

"మా ఆవిడకి నిన్నట్నుంచి మందు లేదయ్యా!"

రమాసుందరి చీటీ రాసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి కిందికి విసిరింది. తీగ మీద తడుస్తున్న నీలం చీర తీసి, గుర్తుగా పిట్టగోడకు కట్టింది.

అతను చీటీ చదివి జేబులో పెట్టుకున్నాడు.

"వస్తానండి."

ఆ సాయంత్రం నాలుగింటికి వేరే పడవ వచ్చింది.

"కాసేపు చూద్దామండీ. అతను వస్తానన్నాడుగా," అంది రమాసుందరి నీరసంగా.

"పోయేవాడెవడైనా వస్తాననే అంటాడు. ఎక్కు."

ఆ పడవలో ఎవరో ముసలాయన, తాను తడుస్తూ, ఒడ్డు చేరేదాకా ఆమెకు గొడుగు పట్టాడు.

తెల్లవారేసరికి ఆసుపత్రిలో రమాసుందరి కన్నుమూసింది.

"కొంచెం ముందుగా మందు పడి ఉంటే..." అన్న డాక్టరు ఆ మాట పూర్తి చేయలేదు.

జానకిరామయ్య పూర్తి చేసుకున్నాడు.

ముప్పై ఏళ్లు కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి. ఏ విద్యార్థినీ గట్టిగా కసిరి ఎరగడు. అలాంటివాడు ఒక ఫిర్యాదు టైపు చేయించి సొరుగులో పెట్టుకున్నాడు. ఆ ఆకుపచ్చ పడవ లాగేసుకోవాలి. మళ్లీ ఏ నీళ్లలోనూ వాడు తెడ్డు వేయకూడదు.

పేరు దగ్గర మాత్రం ఖాళీ.

ఆ ఖాళీ నింపడం కోసమే ఏడాదిపాటు ఊరూరా తిరిగాడు. పైకి మాత్రం, వరదొస్తే ఇంట్లో ఏం సిద్ధంగా ఉండాలో చెప్పడానికి. ఇబ్రహీంపట్నం అయింది, ఉయ్యూరు అయింది. చివరికి కంకిపాడు.

"టార్చి, విజిల్, ఆధార్ కాపీలు, వారానికి సరిపడా మందులు. ఇన్సులిన్‌కి తడిగుడ్డ చుట్టిన చిన్న మట్టికుండ. సంచి ఎప్పుడూ మెట్ల దగ్గరే ఉండాలి," అని చెబుతున్నాడు.

"ఆవకాయ పెట్టుకోవచ్చా మాస్టారూ?" అన్నాడు రత్తయ్య అనే రైతు.

"మూత గట్టిదైతే పెట్టుకోండి."

"ఈయన్ని మాత్రం పెట్టలేమండీ, మూతే లేదు," అంది పక్కనున్న భార్య.

హాలంతా నవ్వింది. జానకిరామయ్య నవ్వలేదు.

"ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పోయేవాడెవడైనా వస్తాననే అంటాడు. నమ్మకండి. మా ఆవిడ నీలం చీర కట్టి మరీ ఎదురుచూసింది. ఆకుపచ్చ పడవ, ముందు తెల్ల చేప. వాడెవడో తెలిసినవాళ్లు నా ఇంటికి రండి. అడ్రసు బోర్డు మీద రాశాను."

చివరి వరసలో ఒకావిడ తలెత్తింది.

మర్నాడు సాయంత్రం ఆమె సింగ్‌నగర్‌లో గేటు దగ్గర నిలబడి ఉంది. ముందు డాబా పిట్టగోడకేసి చూసింది, తర్వాత జానకిరామయ్యకేసి.

"తెరేసమ్మండి. బందరు అవతల మాది. మా అక్క ఇంటికొచ్చి, నిన్న మీ మాటలు విన్నాను. ఆ పడవ ఎవరిదో నాకు తెలుసండి."

లోపలికి తీసుకెళ్లి, కూర్చోమనడం కూడా మరిచి ఆయన సొరుగు లాగాడు.

"పేరు చెప్పమ్మా."

"అంతోనండి."

కాగితం చిరిగేంత నొక్కి రాశాడు.

"ఎదురుగా నిలబెట్టి అడుగుతాను. ఎందుకు రాలేదురా అని."

తెరేసమ్మ సంచిలోంచి స్టీలు డబ్బా తీసి, ఆ కాగితం మీదే పెట్టి మూత తీసింది.

రెండు ఇన్సులిన్ సీసాలు. పక్కన ప్లాస్టిక్ కవర్లో చీటీ. "ఇన్సులిన్ కావాలి. నీలం చీర కట్టిన డాబా." రమాసుందరి వాలు అక్షరాలు.

"ఐదింటికి వచ్చాడండి. మందుకి ఐసు దొరక్క ఆలస్యమైందంట. చీర కట్టే ఉంది. ఎంత పిలిచినా ఎవరూ పలకలేదు. స్పృహ తప్పి పడిపోయారేమోనని, డబ్బా పడవలో ఉన్న మా మరిది చేతికిచ్చి నీళ్లలోకి దిగాడు."

జానకిరామయ్య పెన్ను కింద పెట్టాడు. ఇల్లు వదిలేటప్పుడు కట్టిన గుర్తు విప్పేయాలన్న మాట తాను ఏ ఊళ్లోనూ చెప్పలేదు.

"నేనూ ఏడాదిగా వెతుకుతున్నానండి," అంది తెరేసమ్మ. "ఖాళీ ఇంటికి చీర కట్టి వెళ్లిపోయినవాళ్లు దొరికితే, ఈ డబ్బా మొహాన కొడదామని. నిన్న హాల్లోనే కొట్టేదాన్ని. అక్క చెయ్యి పట్టుకుంది."

ఆమె చూపు గోడ మీది రమాసుందరి ఫోటో దగ్గర ఆగింది. కాసేపటికి డబ్బా మూత మెల్లగా పెట్టి, దాన్ని అక్కడే వదిలి గుమ్మం దాటింది.

బయట చీకటి పడుతోంది.

"అమ్మా... అంతోని ఇప్పుడు..." అడగబోయాడు జానకిరామయ్య.

ఆమె తలుపు రెక్క పట్టుకుంది. వెళ్లేవాళ్లందరూ అనే "వస్తాను" ఆమె అనలేదు.

"పోయేవాడెవడైనా వస్తాననే అంటాడన్నారు కదండీ, మా ఆయన వచ్చే పోయాడు," అని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది.