అలక చాప

మా రెండో తరగతి గదిలో వెనక మూల ఒక చాప వేయించాను. మనసు బాగోలేనివాళ్లు వెళ్లి దాని మీద కూర్చోవచ్చు. ‘ఎందుకు’ అని ఎవరూ అడగకూడదు. పిల్లలు దానికి అలక చాప అని పేరు పెట్టారు.

ఇవాళ నేను ముఖం కడుక్కుని క్లాసులోకి వచ్చేసరికి, మేమంతా ఆరిందా అని పిలిచే పిల్ల ఆ చాప మీద బాసింపట్టు వేసుక్కూర్చుని ఉంది. పక్కన కర్చీఫ్ పరిచింది.

లెక్కలప్పుడు ఒకడు అలిగి వచ్చాడు.

"ఇక్కడ మనిషొస్తారు" అంది.

డ్రాయింగప్పుడు ఏడుస్తూ వచ్చిన పిల్లకు తన చోటు ఇచ్చేసి, తను నేల మీద కూర్చుంది. కర్చీఫ్‌ను మాత్రం కదపనివ్వలేదు.

బస్సులో సీటు ఆపినట్టు ఇదేం పద్ధతని నాకు ఒళ్లు మండింది. రూలు నాదే కాబట్టి నోరు మూసుకున్నాను.

ఇంటి గంట కొట్టాక ఇక ఆగలేకపోయాను. "పొద్దుట్నుంచీ ఎవరికే ఆ చోటు?"

"మీకే టీచర్. పొద్దున కుళాయి దగ్గర ఏడ్చారు కదా. ఎంతసేపటికీ రారేం?"

కంట్లో సబ్బు పడిందన్నాను.

అది కర్చీఫ్ తీసి, దులిపి, కాస్త జరిగింది.

కూర్చున్నాను. ‘ఎందుకు’ అని అది అడగలేదు.